మీ ముగ్గులతో సొంత మోడల్: స్టైల్‌గ్యాన్‌కి శిక్షణ ఇలా

ఒక వాక్యం టైప్ చేసి బొమ్మ తెప్పించుకోవడం వేరు, మీ దగ్గరున్న బొమ్మలతో మోడల్‌నే (బొమ్మలు చూసి నేర్చుకుని కొత్తవి గీసే ప్రోగ్రామ్‌నే) తయారుచేసుకోవడం వేరు. రెండోదాంట్లో డేటాసెట్టే, అంటే శిక్షణకి వాడే బొమ్మల సేకరణే, అసలు పని. కళాకారిణి ఆనా రిడ్లర్ 2018లో నెదర్లాండ్స్‌లో సుమారు 10,000 ట్యులిప్ పూల ఫొటోలు తీసి, ఒక్కోదానికీ చేత్తో లేబుల్ రాశారు. ఆ ఫొటోలే గోడ మీద కళాకృతిగా నిలిచాయి.

మనకు దగ్గర్లో దొరికే మంచి సరుకు ముగ్గు. టూల్ స్టైల్‌గ్యాన్2-అడా, అంటే ఇలాంటి మోడల్‌కి శిక్షణ ఇచ్చే ప్రోగ్రామ్; తక్కువ బొమ్మలతోనూ పనయ్యేలా ఎన్విడియా పరిశోధకులు 2020లో విడుదల చేశారు. లైసెన్సు వ్యాపారేతర వాడకానికే కాబట్టి, అమ్మే ఆలోచన ఉంటే ముందే చదువుకోండి. వెయ్యి, రెండు వేల ఫొటోలుంటే మొదలుపెట్టొచ్చు. ఇతరుల వాకిట్లో ముగ్గయితే, వేసినవాళ్లని అడిగి తీయండి.

పక్కన నిలబడి తీస్తే గుండ్రం కోడిగుడ్డవుతుంది. స్టూల్ ఎక్కి, పైనుంచి నిట్టనిలువుగా, ఎండ రాకముందే తీయండి. నూరు ఫొటోల్లో మీ నీడ పడిందంటే మోడల్ దాన్నీ ముగ్గులో భాగంగానే నేర్చుకుంటుంది. గడప అంచు, చెప్పులు కూడా అంతే. అన్నీ 512×512 చతురస్రంగా కత్తిరించండి. మెలికల ముగ్గులూ రంగుల ముగ్గులూ కలపకండి, ఇంత చిన్న డేటాసెట్‌లో రెండూ అలుక్కుపోతాయి. ఉన్నవాటినే తిప్పి కాపీలు చేర్చినంత మాత్రాన సంఖ్య పెరుగుతుందే తప్ప వైవిధ్యం రాదు.

స్టైల్‌గ్యాన్‌తో వచ్చే డేటాసెట్ టూల్‌తో జిప్ చేసి, మిర్రర్ (బొమ్మల్ని అద్దంలోలా తిప్పి కూడా చూపించే సెట్టింగ్) ఆన్ చేసి, మనుషుల ముఖాలతో ముందే శిక్షణ పొందిన 512 సైజు మోడల్ మీద నుంచి శిక్షణ మొదలుపెట్టండి. సున్నా నుంచి మొదలుపెడితే కరెంటూ టైమూ దండగ. మోడల్ ఎప్పుడెప్పుడు సేవ్ కావాలో చెప్పే స్నాప్ విలువ డిఫాల్ట్‌గా 50, అంటే రెండు లక్షల బొమ్మలు చూపించాక గానీ ఫైలు సేవ్ కాదు. గూగుల్ ఆన్‌లైన్ కంప్యూటర్ కోల్యాబ్‌లో నడిపితే సెషన్ ఆలోపే తెగిపోవచ్చు. 10 పెట్టుకుంటే 40 వేలకొకసారి ఫైలు వస్తుంది. నేరుగా గూగుల్ డ్రైవ్‌లోకి పంపండి.

మొదటి ఫైళ్లలో రేకుల మధ్య కళ్లూ పెదాలూ తేలుతుంటాయి. అది నచ్చితే ఆ ఫైలు దాచుకోండి, శిక్షణ సాగేకొద్దీ అవి మాయమవుతాయి. శిక్షణ మధ్యలో వచ్చే నమూనా బొమ్మల షీటు నిండా ఒకటే ముగ్గు కనిపిస్తుంటే మోడల్ కుప్పకూలినట్టే: వెనకటి ఫైలుకి వెళ్లి, గామా (శిక్షణను అదుపులో ఉంచే సెట్టింగ్) పెంచి మళ్లీ నడపండి. ఎఫ్‌ఐడీ (మోడల్ బొమ్మలు అసలు ఫొటోలకి ఎంత దూరంగా ఉన్నాయో చెప్పే కొలత) తగ్గి తగ్గి మళ్లీ పెరగడం మొదలైతే ఆపేయండి. వచ్చిన బొమ్మల్ని అసలు ఫొటోల పక్కన పెట్టి, అచ్చుగుద్దినట్టున్నవి తీసేయండి.

మోడల్‌తో బొమ్మలు గీయించేటప్పుడు ట్రంకేషన్ (వైవిధ్యం ఎంత ఉండాలో చెప్పే విలువ) 0.5 దగ్గర అన్నీ ఒకేలా, నీటుగా వస్తాయి. 0.7 నుంచి 1 మధ్య చూడండి. 1 దాటితే గీతలు తెగుతాయి.

మోడల్‌కి చుక్కల లెక్క తెలీదు. ఏడు చుక్కల వరసలో ఆరున్నర వస్తాయి, మెలిక ఎక్కడా మూసుకోదు. ఫొటోషాప్‌లో సరిదిద్దకండి. నచ్చిన ఇరవై ప్రింట్ తీసి, పిండితో నేల మీద వేసి చూడండి. తెగిన గీతను ఎటు కలపాలో అక్కడ మీ చెయ్యే తేల్చాలి. వాటిని మళ్లీ ఫొటో తీసి డేటాసెట్‌లో చేర్చేటప్పుడు వేరే ఫోల్డర్‌లో ఉంచండి, లేకపోతే తర్వాత ఏవి ఎవరివో విడదీయలేరు.