కోనసీమకు రెండు రోజులు, రెండు బళ్ళు

హైదరాబాద్‌లో ఉన్న మా క్లాస్‌మేట్లు "కోనసీమ చూపించరా" అన్నప్పుడల్లా నేను పెట్టే షరతు ఒకటే: హైవే ఎక్కకూడదు, గట్టు మీదే పోవాలి. నలుగురైతే కారు వద్దు, రెండు బళ్ళు చాలు. సంక్రాంతి వెళ్ళాక రండి. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం జరుగుతుంది, ఆ వారం మాత్రం ఇటు రావద్దు.

శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి రాజమండ్రిలో దిగుతారు. టిఫిన్ చేసి ధవళేశ్వరం రండి. కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన చోటిది. మ్యూజియానికి అరగంట చాలు. బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరితే, అక్కడ మాత్రం తొందరపడకండి.

పూతరేకులు తయారుచేసే ఇల్లు ఏదైనా కనబడితే, అడిగి లోపలికి వెళ్ళండి. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట. రేకులు తీసే ఆవిడ పల్చటి గుడ్డను బియ్యప్పిండి జారులో ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతుంది. చుయ్‌మని చప్పుడు, అంతలోనే కాగితంలాంటి రేకు లేచి చేతిలోకి వస్తుంది. మావాడొకడు తనూ చేస్తానని కూర్చున్నాడు. మూడు రేకులు చించాక ఆవిడే నవ్వుతూ "లేవండి బాబూ" అంది. అక్కడ తినడానికి తలా రెండు చాలు. ఇంటికి కావలసినవి అప్పుడే కొనకండి, ఎందుకో తర్వాత చెప్తాను.

ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామిని వెనకనుంచి కూడా చూడాలి, ముందు కేశవుడు, వెనక మోహిని. రావులపాలెం, అంబాజీపేట దాటాక పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర బండి ఆపండి. కింద గోదావరి పాయ వైనతేయ, దాని మీదుగా వంతెనలా పైన కాలువ. దానికి పెట్టింది డొక్కా సీతమ్మగారి పేరు. ఆకలన్న వాళ్ళకు అన్నం పెట్టిన తల్లి. రాత్రికి రాజోలులోనో దిండిలోనో గది ముందే మాట్లాడుకోండి.

ఆదివారం పొద్దున్నే అంతర్వేది. దర్శనం అయ్యాక గోదావరి మరో పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దాకా వెళ్ళండి. అక్కడ నీళ్ళలోకి దిగకండి, ఒడ్డునే ఉండండి.

తర్వాత సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ. బళ్ళతో సహా నరసాపురం దాటిస్తుంది. మధ్యాహ్నంలోపే ఎక్కండి. ఒకసారి మేం గట్టు దగ్గర ఫొటోలు దిగుతూ చీకటి పడేదాకా ఉండిపోయాం. రేవుకొచ్చేసరికి పంటు ఆగిపోయింది. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పాలకొల్లు చేరేసరికి రైలు టెన్షన్‌తో ఎవరూ మాట్లాడలేదు. పంటు దొరికితే పాలకొల్లులో క్షీరారామం కూడా చూసుకుని, సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం వచ్చేయొచ్చు.

పూతరేకులు కొనాల్సింది అప్పుడు. ఒకసారి మేం ముందే కొని బండికి తాడేసి కట్టిన డబ్బా విప్పితే లోపల పొడే మిగిలింది. రైల్లో నలుగురం చెంచాలతో తిన్నాం.