పచ్చబొట్ల పాఠం – 3: ముందు చోటు, తర్వాతే బొమ్మ

పోయిన పాఠంలో స్టూడియో, సూదులు, సిరా సీసాలు చూశాం. ఈసారి సూది దాకా వెళ్లం. దర్జీ టేపు, స్కెచ్ పెన్ను, పల్చటి ట్రేసింగ్ కాగితం దగ్గర పెట్టుకోండి.

ఒక్క పచ్చబొట్టుతో ఆగిపోయేవాళ్లకు ఈ పాఠంతో పెద్దగా పనిలేదు. ఏళ్ల తరబడి ఒకటొకటిగా ఒంటి మీద పోగుచేసుకునేవాళ్ల కోసం ఇది. ఇంగ్లిషులో వాళ్లను కలెక్టర్లంటారు. మనకు ఆ మాట వింటే జిల్లా ఆఫీసు, అర్జీ కాగితం గుర్తొస్తాయి, కాబట్టి పోగరులు అనుకుందాం. మామూలు మనిషికి చోటు తప్పితే పోయేది ఒక్క బొమ్మే. పోగరికి మొదటి బొమ్మ తప్పుచోట పడితే, తర్వాత వచ్చే పది బొమ్మలూ దాన్ని తప్పించుకుంటూ తిరగాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఒక్కటే. ముంజేతి లోపలివైపు సరిగ్గా నడిమధ్యన నాలుగు సెంటీమీటర్ల ఈకో, పేరో, గుండెచప్పుడు గీతో వేయించేస్తారు. ముంజేయి అంటే మోచేతి మడత నుంచి మణికట్టు దాకా ఇరవై నాలుగైదు సెంటీమీటర్ల చదునైన జాగా. ఒంట్లో ఇంత మంచి జాగాలు కొన్నే ఉంటాయి. దాని నడుమ ఇంత చిన్న బొమ్మ వేస్తే పైన పది, కింద పది సెంటీమీటర్లు మిగులుతాయి. అందులో పెద్ద బొమ్మ పట్టదు, చిన్నవి నాలుగు పేరిస్తే స్టిక్కర్లు అంటించినట్టుంటుంది. రెండెకరాల చేను మధ్యలో పంపుషెడ్డు కట్టుకున్న చందం. చిన్న బొమ్మే కావాలనుకుంటే దాన్ని అంచుకు జరపండి: మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, చీలమండ పక్కన, జబ్బ వెనకవైపు కింది భాగాన.

జాగా పటం

ఒక కాగితం మీద ముందు నుంచి, వెనక నుంచి మనిషి ఆకారం గీయండి. చేతులకు, కాళ్లకు విడిగా లోపలి వైపు, బయటి వైపు గీయండి. టేపుతో మీ కొలతలు రాయండి. ముంజేతికి పొడవు, లావుగా ఉన్నచోట చుట్టుకొలత, మణికట్టు దగ్గర చుట్టుకొలత అని మూడు అంకెలు కావాలి. పిక్కకూ అంతే. తొడకు, వీపుకు పొడవు, వెడల్పు చాలు.

ఇప్పుడు పెద్ద జాగాలకు పెన్సిలుతో గీత పెట్టండి: వీపు, రొమ్ము, తొడ ముందు భాగం, జబ్బ బయటివైపు, ముంజేయి రెండు వైపులూ, పిక్క. అరచేతికన్నా చిన్న బొమ్మ ఏదీ వీటి నడుమకు పోకూడదు. దేన్ని ఎప్పుడు నింపుతారో ఇప్పుడే తేల్చక్కర్లేదు, ఖాళీగా ఉంచితే చాలు.

బొమ్మల మధ్య ఎంత ఎడం ఉండాలన్నది రెండో లెక్క. విడివిడి బొమ్మలతో చెయ్యి నింపాలనుకుంటే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడం అన్నిచోట్లా సమానంగా ఉంచండి. ఆ సందులను తర్వాత చుక్కలతోనో, చిన్న చిన్న ఆకులతోనో నింపవచ్చు. లేదంటే మరో బొమ్మకు సరిపడా జాగా పూర్తిగా వదలండి. చిక్కంతా నాలుగు సెంటీమీటర్ల సందుతోనే. బొమ్మకు చాలదు, చుక్కలతో నింపితే బోడిగా కనిపిస్తుంది.

ఎవరికి, ఎప్పుడు కనబడాలి?

‘చొక్కా కింద దాగుతుందిలే’ అనే మాట నిలబడి అద్దంలో చూసుకునేవాళ్లది. బైకు హ్యాండిల్ పట్టుకున్నప్పుడు, పైఅరలో డబ్బా అందుకున్నప్పుడు చొక్కా పొట్టి చేతులు నాలుగైదు సెంటీమీటర్లు పైకి జరుగుతాయి. కాబట్టి కుర్చీలో కూర్చుని, చేతులు ముందుకు చాపి, అప్పుడు చొక్కా చేతి అంచు ఎక్కడుందో ఒంటి మీద గీత పెట్టండి. జబ్బ బొమ్మ ఆ గీతకు రెండు సెంటీమీటర్ల పైనే ఆగాలి. నిండు చేతుల చొక్కాకైతే మణికట్టు ఎముకకు మూడు, నాలుగు సెంటీమీటర్ల పైన ఆగాలి. చీర కట్టేవాళ్లు రవికలన్నీ తీసి మెడ, వీపు కోతలు ఒకసారి చూసుకోవాలి. వీపు మధ్యన వేసిన బొమ్మ ఒక రవికలో నిండుగా, మరోదాంట్లో సగం తల తెగి కనిపిస్తుంది.

మగవాళ్లు మరిచిపోయేది పంచె. ఆఫీసులో ఎవరికీ కనపడని రొమ్ము, వీపు, వ్రతం పీటల మీద అందరికీ కనిపిస్తాయి. తిరువనంతపురం పద్మనాభస్వామి గుడిలాంటి చోట్ల మగవాళ్లు చొక్కా విప్పే లోపలికి వెళ్లాలి. అంటే మీ ‘రహస్యపు’ చోటు ఆఫీసుకు రహస్యం, చుట్టాలకు బహిరంగం. మీ సంగతి దీనికి తలకిందులైతే తొడ మేలు.

దేవుడి బొమ్మలకు మనవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది: నడుము కింద వద్దు. మీకు పట్టింపు లేకపోయినా చూసేవాళ్లకు ఉండొచ్చు. 2015లో బెంగళూరులో కాలి మీద ఎల్లమ్మ పచ్చబొట్టున్న ఒక ఆస్ట్రేలియా యువకుణ్ణి హోటల్లో చుట్టుముట్టి గొడవ చేశారు, వ్యవహారం పోలీస్ స్టేషను దాకా వెళ్లింది. దాని ముందు ఏడాది శ్రీలంక, చేతి మీద బుద్ధుడి బొమ్మ ఉన్న ఒక బ్రిటిష్ పర్యాటకురాల్ని వెనక్కి పంపేసింది. అక్కడ నడుము పైనా కిందా అన్న తేడా కూడా పనికిరాలేదు.

బలగాల ఉద్యోగాలకు చదివేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. సైన్యం భర్తీలో శాశ్వత పచ్చబొట్టు ముంజేయి లోపలివైపు, అంటే మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా, లేదా అరచేతి వెనక భాగాన ఉంటేనే ఒప్పుకుంటారు. ఆచారం ప్రకారం వేయించుకున్న గిరిజనులకు సడలింపు ఉంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో ఇంకా బిగువు. ముంజేతి లోపలివైపైతే ఎడమ చేతికి మాత్రమే. కుడిది సెల్యూట్ చేసే చెయ్యి కదా. పైగా ఆ భాగంలో నాలుగో వంతుకన్నా తక్కువ ఉండాలి. మెడికల్ పరీక్ష దాకా వచ్చి కుడి ముంజేతి మీది పేరుతో వెనక్కి తిరిగినవాళ్లున్నారు. నోటిఫికేషన్‌లో పచ్చబొట్ల పేరా ఏటా చూసుకోండి. ఉద్యోగం చేతికొచ్చేదాకా ఆగడం అన్నిటికన్నా తేలిక.

చర్మం ఒప్పుకునే చోట్లు

సిరా నిలిచేది పైపొర కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున. పైపొరలో పడిన సిరా నెల తిరిగేలోపు పొట్టులా రాలిపోతుంది. కొవ్వు దాకా దిగితే గీత పక్కన నీలి మసకగా పాకుతుంది. చర్మం పల్చగా ఉండే మణికట్టు లోపల, చీలమండ, పాదం పైభాగం, చంక దగ్గరి జబ్బ లోపల ఇలా పాకడం ఎక్కువ. అక్కడ సన్నటి గీతల పని చేయి తిరిగినవాళ్లకే ఇవ్వండి. అరచేయి, వేళ్ల పక్కలు, అరికాలి అంచుల కథ వేరు. అక్కడ చర్మం మందం, రాపిడి ఎక్కువ, కాబట్టి సిరా మచ్చలు మచ్చలుగా ఊడిపోతుంది. వేళ్ల మీద వేయమంటే మంచి ఆర్టిస్టు ‘మిగతా చెయ్యి నిండాక రండి’ అని పంపేస్తాడు. అది గర్వమనుకోకండి.

మన చామనఛాయ, నలుపు చర్మాల్లో సిరా మన రంగు కింద ఉంటుంది, రంగు అద్దం లోంచి చూసినట్టు. పసుపు, లేత గులాబీ, తెలుపు అందుకే మానాక మాసిపోయినట్టవుతాయి. నలుపు, ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ నిలబడతాయి. వెలుగు చూపాలంటే తెల్ల సిరా పోయడం దండగ, ఆ చోట చర్మాన్ని ఖాళీగా వదిలేయాలి. బొమ్మలో మూడో వంతు ఖాళీ చర్మం ఉండేలా అడగండి. పాత గాయం మచ్చలు ఉబ్బి గట్టిపడే ఒళ్లైతే రొమ్ము ఎముక, భుజాల పైభాగం వదిలేయండి. కీలాయిడ్లు అనే ఈ ఉబ్బు మచ్చలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

ఇక ఎండ. మన దేశంలో కారు నడిపేవాళ్ల కుడి చెయ్యి కిటికీ వైపుంటుంది, బైకువాళ్లకు రెండు ముంజేతుల బయటి వైపులూ మాడతాయి. సన్నటి బూడిద నీడల బొమ్మకు ఇవి తగవు, లోపలి వైపే నయం. రోహిణి కార్తెలో ఏ చోటైనా వద్దు. చెమట, ఎండ, బిగుతు బట్ట మూడూ కలిసి కొత్త పుండును పాడుచేస్తాయి. 2027లో గోదావరి పుష్కర స్నానం చేసేవాళ్లు కనీసం నెల ముందే వేయించుకోవాలి. మానని పచ్చబొట్టుతో నదిలో, చెరువులో మునగకూడదు.

తెలుగు అక్షరాలైతే

ఇంగ్లిషు అక్షరాల కొలత తెలుగుకు పనికిరాదు. మన లిపి అంతా సున్నాలు, కొంకీలు. ఏళ్లు గడిచేకొద్దీ ప్రతి గీతా లావెక్కుతుంది, ముందు పూడేది చిన్న గుండ్రాలు. ‘అర్థం’ అన్న మాట తీసుకోండి. ర కింద థ వత్తు, ఆ వత్తు పొట్టలో చుక్క. వత్తు అసలు అక్షరంలో సగమే ఉంటుంది, చుక్క ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. ఆ చుక్క ఊడిపోతే ‘అర్థం’ కాస్తా ‘అర్ధం’ అవుతుంది. పొట్ట పూడిపోతే ఏదీ కాదు. ఠ లో చుక్క పోతే ర మిగులుతుంది.

కాబట్టి అక్షరం ఎత్తు, వత్తులు కాకుండా, పదిహేను మిల్లీమీటర్లకు తగ్గించకండి. వత్తులతో కలిపి పాతిక వస్తుంది. అక్షరంలో అన్నిటికన్నా చిన్న గుండ్రం లోపలి ఖాళీ రెండు మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలు పెట్టి కొలవండి. ఈ లెక్కన అయిదక్షరాల పేరు పది సెంటీమీటర్ల వెడల్పు అడుగుతుంది. మణికట్టు మీద పట్టదు. పట్టించాలని అక్షరాలు కుదించడం కన్నా ముంజేతికి మార్చడం మంచిది. నిలువుగా ఒకదాని కింద ఒకటి పేర్చడం కూడా వద్దు. పై అక్షరం వత్తు కింది అక్షరం తలకట్టుతో కలిసి కొత్త అక్షరం పుడుతుంది.

ఇంకో ప్రమాదం కంప్యూటరుది. భారతీయ లిపుల సెట్టింగు లేకుండా ఫొటోషాప్‌లో అతికిస్తే ‘శక్తి’ విరిగి ‘శక్‌తి’ అవుతుంది. తెలుగు రాని ఆర్టిస్టు దాన్నే నమ్మకంగా పొడుస్తాడు, అతని తప్పేం లేదు. మీరే ఫోనులో టైపు చేసి, సరిగా కనబడుతున్నప్పుడు పెద్ద బొమ్మగానో పీడీఎఫ్‌గానో మార్చి పంపండి. చేత్తో రాసిస్తే ఇంకా మేలు, తాతగారి దస్తూరీ ఉంటే మరీ మేలు. స్టెన్సిల్, అంటే పొడిచే ముందు అంటించే గీతల అచ్చు, ఒంటి మీదకు ఎక్కాక ఫొటో తీసి, తెలుగు చదివే ముగ్గురికి పంపి, ఏమని ఉందో రాసి పంపమనండి. ‘బాగుందా?’ అని అడిగితే బాగుందనే అంటారు.

ఒంపు, తిప్పుడు

చెయ్యి గొట్టం కాదు, శనగల పొట్లం. పైన లావు, కింద సన్నం. కాగితం మీద తిన్నగా గీసిన పట్టీని పొట్లానికి చుట్టి చూడండి, రెండు కొసలూ కలవవు, ఒకటి పైకి పోతుంది. చేతికి కడియంలాంటి బొమ్మ వేయించేటప్పుడు ఇదే జరుగుతుంది. పట్టీని కాగితం మీద కొద్దిగా విల్లులా వంచి గీయాలి, లేదా నేరుగా చేతి మీదే పెన్నుతో గీయించాలి. జబ్బకు వేసే వలయం గుండ్రంగా కనబడాలంటే మధ్య బిందువు బయటికి పొడుచుకొచ్చిన చోటే ఉండాలి. రెండు సెంటీమీటర్లు పక్కకు జరిగినా కోడిగుడ్డవుతుంది.

అరచేతిని పైకి, కిందికి తిప్పి చూడండి. మణికట్టు దగ్గర చర్మం దాదాపు సగం చుట్టు తిరుగుతుంది, మోచేతి దగ్గర కదలదు. పడుకోబెట్టి, అరచేయి పైకి పెట్టించి అంటించిన నిలువు గీత, మీరు లేచి నిలబడగానే మెలితిరిగిన తాడవుతుంది. స్టెన్సిల్ వేసేటప్పుడు నిలబడండి, చేతులు వదులుగా వేలాడేయండి. ఆర్టిస్టు కుర్చీలో కూర్చోమన్నా ముందు నిలబడి వేయమని అడగండి.

బొమ్మ తల ఎటు? చెయ్యి వేలాడుతున్నప్పుడు ఎదుటివారికి నిటారుగా కనబడాలి. మీరు చూసుకోవడానికి వీలుగా తిప్పి వేస్తే పక్కన వచ్చే ప్రతి బొమ్మతోనూ అది తలకిందులుగా తగువాడుతుంది. ఏనుగు, పులి, మనిషి ముఖాలు ముందుకు, ఒంటి వైపు చూడాలి. వెనక్కి చూస్తే పారిపోతున్నట్టుంటుంది. ముఖం గీయించేట్టయితే అరచేతికన్నా చిన్నది వద్దు. కళ్లు అయిదారేళ్లలో రెండు చుక్కలవుతాయి.

ఈ వారం పని

అనుకున్న బొమ్మను మూడు సైజుల్లో ప్రింటు తీయండి: అనుకున్నది, దానికి ముప్పావు, ఒకటిన్నర రెట్లు. కత్తిరించి, ఒంటి మీద టేపుతో అంటించి, అయిదడుగుల దూరం నుంచి ఫొటో తీయించుకోండి. అద్దంలో సెల్ఫీ పనికిరాదు, కుడి ఎడమలు తారుమారవుతాయి. తర్వాత అదే చోట ఐలైనరుతోనో స్కెచ్ పెన్నుతోనో బయటి గీత మాత్రం గీసి వారం రోజులుండండి. స్నానానికి చెరిగితే మళ్లీ గీయండి. మూడో రోజుకే గీయడానికి బద్ధకం వేసిందంటే, పటంలో ఆ జాగా మీద పెన్సిలు రాత చెరిపేయండి. వారం నిలిచిందంటే ఆ మూడు ఫొటోలు, టేపు కొలతలు ఒకే కాగితం మీద అతికించి ఉంచండి. నాలుగో పాఠంలో ఆర్టిస్టు ముందు కూర్చున్నప్పుడు మొదట బయటికి తీసేది ఆ కాగితమే.