కోనసీమలో దెయ్యం సినిమా: రాత్రి షూటింగ్‌లో సమస్యలు, పరిష్కారాలు

మేం అయిదుగురం స్నేహితులం. ఒక కెమెరా, రెండు ఎల్‌ఈడీ లైట్లు, అద్దెకు తెచ్చిన మైకు. ఇంతే సామానుతో రాజోలు దగ్గర పల్లెలో పదకొండు రాత్రులు దెయ్యం సినిమా తీశాం. ఎడిటింగ్‌కి కూర్చున్నాక ఒక్కో లోపం బయటపడింది. దేని మూలం వెతికినా షూటింగ్ రాత్రే, చాలాసార్లు అంతకు ముందు రోజు పగలే, మేం పట్టించుకోకుండా వదిలేసిన విషయం ఏదో ఒకటి కనబడింది. మన డెల్టాలో ఇదే పనికి దిగుతున్న కుర్రాళ్ళకు ఆ బాధ తప్పాలని ఇది రాస్తున్నాను.

బొమ్మ మసకగా, గింజలు గింజలుగా ఉంది

చీకటి సీను కదా అని లైటు తగ్గించి తీయడమే దీనికి కారణం. వెలుతురు చాలనప్పుడు కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే స్థాయి) పెంచుతాం, లేదంటే ఎడిటింగ్‌లో బ్రైట్‌నెస్ పెంచుతాం. ఎలా చేసినా గ్రెయిన్స్ పైకి తేలతాయి. తీసేటప్పుడు కాస్త వెలుగ్గానే తీసి, తర్వాత కలర్ గ్రేడింగ్‌లో, అంటే రంగులు, వెలుగు సరిదిద్దే దశలో, చీకటి చేసుకోవాలి. వెలుగ్గా తీసిన దాన్ని నల్లగా చేయొచ్చు. నలుపులో అసలు రికార్డే కాని మొహాన్ని తర్వాత ఎవరూ తేలేరు.

లైటు ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. నటుడి ఎదురుగా పెడితే పెళ్ళి వీడియోలా ఉంటుంది. మేం కొబ్బరి తోటలో ఒక లైటును నటుడి వెనక ముప్పై నలభై అడుగుల దూరంలో, లావుపాటి చెట్టు చాటున, నిచ్చెనకు కట్టాం. పాత ఇనప మూకుడులో నిప్పులు వేసి, పైన తడిపిన కొబ్బరి పీచు, గుప్పెడు సాంబ్రాణి వేశాం. పొగ లేచిన వెంటనే తీస్తే తెల్లటి ముద్దలా కనిపిస్తుంది. రెండు నిమిషాలు ఆగితే అది పలచబడి, చెట్ల మధ్య దుప్పటిలా పరుచుకుంటుంది. అప్పుడు వెనక లైటు ఆ పొగను పట్టుకుంటుంది, మొదళ్ళు నల్లటి గీతల్లా విడివిడిగా నిలబడతాయి. మా సినిమాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన షాట్ అదే. పక్కన రెండు బిందెల నీళ్ళు మాత్రం తప్పకుండా ఉంచుకోండి, ఎండు మట్టలు ఇట్టే అంటుకుంటాయి.

చేలు, కాలువ గట్టు లాంటి పెద్ద వైడ్ షాట్లకు రెండు లైట్లు ఏ మూలకూ చాలవు. వాటిని పొద్దు గుంకాక, ఆకాశం నీలంగా ఉండే ఆ ఇరవై నిమిషాల్లో తీసేయాలి. మధ్యాహ్నమే రిహార్సల్ అయిపోవాలి, టిఫిన్ తర్వాత చూసుకోవచ్చు.

లైటు మినుకు మినుకుమంటోంది, లెన్స్ మీద మంచు పట్టినట్టుంది

మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే మామూలు బల్బులు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి. షట్టర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం) సెకనులో 1/60 వంతు ఉంటే ఆ తేడా తెర మీద కనబడుతుంది. 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. అప్పటికీ పోకపోతే బల్బే చవకబారుది, మార్చేయండి.

ఇక లెన్స్ సంగతి. కారులోనో గదిలోనో ఏసీలో చల్లబడ్డ గాజుకు మన తేమ గాలి తగిలితే నీరు పడుతుంది. తుడిచినా మళ్ళీ పడుతుంది. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట, ముప్పావుగంట బయట ఉంచితే చాలు. గోదావరి జిల్లాల్లో షూటింగ్ ఉన్న రోజు కారులో ఏసీ వేయకపోవడం ఇంకా మంచిది.

మాటల వెనక ఎడతెగని మోత

మమ్మల్ని ఎక్కువగా ఏడిపించింది ఇదే. హీరోయిన్ గుసగుసగా మాట్లాడే సీను రాత్రి రెండింటికి చాలా బాగా తీశామనుకున్నాం. ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మాట వెనక నీళ్ళు చిలుకుతున్న శబ్దం. అర కిలోమీటరు అవతల రొయ్యల చెరువులో ఏరియేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాలు, తిరుగుతున్నాయి. రాత్రిపూట నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, పైగా వాడుకుంటుంది. తెల్లవారుజాము దాకా ఆక్సిజన్ తగ్గుతూనే పోతుంది, అందుకే రైతు రాత్రంతా వాటిని తిప్పుతాడు. మా చెవి ఆ మోతకు చిన్నప్పటి నుంచి అలవాటు పడిపోయింది, మైకుకు ఆ అలవాటు లేదు.

పది నిమిషాలు ఆపమని రైతును అడగొద్దు. రొయ్య తేలిపోతే ఆయన పంట మొత్తం పోతుంది. మనం చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి. లొకేషన్ చూడ్డానికి పగలు వెళ్ళి సరిపెట్టుకోకుండా, షూటింగ్ పెట్టుకున్న గంటకే ఒకసారి వెళ్ళి, హెడ్‌ఫోన్ పెట్టుకుని అయిదు నిమిషాలు కూర్చోండి. గాలి చెరువు వైపు నుంచి వస్తుంటే ఆ సీను ఇంకో రోజుకు మార్చండి. మైకును నటుడి నోటికి వీలైనంత దగ్గరగా, ఫ్రేము అంచు దాకా తీసుకెళ్ళండి. షాట్ అయిన వెంటనే, ఆ గొంతులో వణుకు పోకముందే, గదిలో నాలుగు బొంతలు వేలాడదీసి అవే డైలాగులు మళ్ళీ చెప్పించి రికార్డు చేసుకోండి. నెల తర్వాత డబ్బింగ్ చెబితే ఆ వణుకు రాదు. ప్రతి చోటా అందరినీ మౌనంగా నిలబెట్టి ఒక నిమిషం రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినబడే శబ్దం) కూడా రికార్డు చేసుకోండి, ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అదే దిక్కు.

ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడి మైకులో పాశురాలు మొదలవుతాయి. ఆ నెలలో మాటల సీన్లు నాలుగింటికల్లా ముగించేయాలి.

ఈ మోత మీద కోపం తగ్గాక మాకు ఒక సంగతి తట్టింది. చెరువుల మధ్య ఊళ్ళో మోత వింటూ అందరూ నిద్రపోతారు, ఆగితేనే ఉలిక్కిపడి లేస్తారు. కరెంటు పోయిందంటే రైతు జనరేటర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. మేం కథ మార్చుకున్నాం. మా దెయ్యం వచ్చే ముందు ఏరియేటర్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. సినిమా మొదటి నుంచీ ఆ మోతను సన్నగా నడిపించి, అక్కడ కోసేశాం. మ్యూజిక్ ఏమీ పెట్టలేదు.

పెదాలకూ మాటకూ కుదరడం లేదు

టేక్ మొదట్లో సరిగ్గా ఉండి పోను పోను జారుతోందంటే, ఫోన్‌తో తీసినవైతే ఎక్కువగా కారణం ఫ్రేమ్ రేటు (సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్య) నిలకడగా లేకపోవడమే. ఎడిటింగ్‌కి ముందే ఫైళ్ళను స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చి, ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో ఉందో లేదో చూసుకోండి. టేక్ మొదట్లోనూ చివర్లోనూ చప్పట్లు కొట్టించండి, ఆ చప్పుడును బట్టి బొమ్మనూ శబ్దాన్నీ కలుపుకోవచ్చు.

ఒకే సీనులో రేవు మెట్లు మారిపోతున్నాయి

అంతర్వేది వైపు, గోదావరి పాయ వశిష్ట రేవులో తీశాం. అమ్మాయి మెట్లు దిగేటప్పుడు నీళ్ళు అయిదో మెట్టు దగ్గర ఉన్నాయి. నాలుగు గంటల తర్వాత క్లోజప్ తీస్తే రెండో మెట్టు తడుస్తోంది. సముద్రానికి దగ్గర కాబట్టి నది కూడా పోటు, ఆటులతో లేస్తూ దిగుతూ ఉంటుంది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు, రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో తేడా మరీ ఎక్కువ. దెయ్యం సినిమా అని మేం కోరి అమావాస్యే పెట్టుకున్నాం! రేవులో పడవ నడిపేవాళ్ళను అడిగితే పోటు ఎప్పుడో నోటి లెక్కన చెబుతారు. నీళ్ళు కనబడే షాట్లన్నీ ఒక గంటలో తీసేసి, మొహాల షాట్లు తర్వాత పెట్టుకోండి.

కాలువలకైతే లెక్క వేరు. దాళ్వా (రబీ) పంటకు నీళ్ళిచ్చాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, మళ్ళీ సార్వా (ఖరీఫ్)కి వదులుతారు. ఫిబ్రవరిలో నిండు కాలువ మీద సీను మొదలుపెట్టి ప్యాచ్ వర్కు (మిగిలిపోయిన చిన్న షాట్లు) మే నెలకు వాయిదా వేస్తే అక్కడ బురదే మిగులుతుంది.

వైరు ముట్టుకుంటే జివ్వుమంటోంది

వెంటనే షూటింగ్ ఆపండి. నేల తడి, జాయింట్లకు చుట్టిన టేపు పాతది, కాళ్ళకు చెప్పులు లేవు. ప్రాణం పోవడానికి ఇంతకన్నా అక్కర్లేదు. 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న బోర్డు నుంచే కరెంటు తీసుకోండి, జాయింట్లను ఇటుకల మీదకు ఎత్తండి. నీళ్ళలో దిగే సీనుకు బ్యాటరీ లైట్లు తప్ప వేరేవి వద్దు.

రక్తం నారింజ రంగులో ఉంది

మేం పసుపులో సున్నం కలిపి దిష్టి నీళ్ళలా చేశాం. కంటికి ఎర్రగానే ఉంది, కెమెరాలో నారింజ, పైగా చర్మం మండింది. చిక్కటి పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి కలిపితే రంగు కుదిరింది. కానీ శవంగా పడుకున్న మావాడి మెడ మీదకు పావుగంటలో చీమలు బారు కట్టాయి. వాడు కదలకుండా టేక్ పూర్తి చేశాడు. పాకం బదులు గ్లిజరిన్ వాడి ఉంటే వాడికి ఆ బాధ తగ్గేదేమో.

ఇల్లు ఇస్తామన్నవాళ్ళు వెనక్కి తగ్గారు

మండువా లోగిలి ఒకటి మాట్లాడుకున్నాం. ముందు రోజు ఆ ఇంటి మామ్మగారు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, "మా ఇంట్లో దెయ్యం ఉందని జనం అనుకుంటే రేపు దీన్ని ఎవరు కొంటారు బాబూ?" అన్నారు. తప్పు మాది. కథ చెప్పకుండా ఇల్లు మాత్రమే అడిగాం. ఆ రోజు కథంతా చెప్పాం, వీధి గుమ్మం ఎక్కడా చూపించమని కాగితం రాసిచ్చాం. లోపలి చావడి, బావి మాత్రమే వాడుకున్నాం. ఊరి పెద్దలకు, పోలీస్ స్టేషన్‌కు కూడా ముందే చెప్పండి. దెయ్యం మేకప్‌లో ఉన్న మనిషిని రోడ్డు మీద ఒంటరిగా నడవనివ్వొద్దు. దుప్పటి కప్పి, పక్కన ఒకరిని పంపండి. చీకట్లో బండి మీద వచ్చేవాడు బెదిరి కాలువలో పడితే ఆ పాపం మనదే.

భయపడాల్సిన చోట నవ్వుతున్నారు

మొదటిసారి చూపించినప్పుడు మా దెయ్యం కనబడగానే అందరూ పగలబడి నవ్వారు. దెయ్యాన్ని ఆరు సెకన్లు, తల నుంచి కాళ్ళ దాకా చూపించాం. అంతసేపు చూస్తే విగ్గు కనబడుతుంది, చీరకు పెట్టిన పిన్ను కూడా కనబడుతుంది. దాన్ని ఒక సెకనుకు తగ్గించి, అంతకు ముందున్న ఖాళీ చావడి షాట్‌ను పెంచాం. చూసేవాళ్ళు ఆ గుమ్మం వైపే చూస్తూ, ఎవరో వస్తారని తామే అనుకోవాలి. ఎడిట్ మార్చిన ప్రతిసారీ సినిమా చూడని నలుగురిని పిలవండి. మీరు మాత్రం తెర చూడకుండా వాళ్ళ మొహాలు చూస్తూ కూర్చోండి. ఎవరైనా ఫోన్ చేతిలోకి తీసుకున్న నిమిషం, సెకను రాసి పెట్టుకోండి. మర్నాడు కత్తెర అక్కడ మొదలుపెట్టండి.