జేఈఈ సెక్షనా, ఎంసెట్ సెక్షనా? ఫీజు కట్టే ముందు ఇవి చూడండి

పదో తరగతి ఫలితాలు రాగానే హనుమకొండ కాలేజీల్లో ఎంపీసీ సీట్ల హడావిడి మొదలవుతుంది. మ్యాథ్స్ సారును చూసి సెక్షన్ ఎంచుకునేవాళ్లు ఇవి మరవకండి.

– డెమో క్లాస్ చెప్పిన సారే ఏడాదంతా మీ సెక్షన్‌కు వస్తారా? ముందు ఇదే అడగండి. కొన్నిచోట్ల పేరున్న సారు పై బ్యాచ్‌కే పరిమితం, లేదంటే మధ్యలో వేరే బ్రాంచికి వెళ్లిపోతారు, అప్పటికి కట్టిన ఫీజు వెనక్కి రాదు.

– సీనియర్ల నోట్‌బుక్ తిరగేయండి. ఇంటిగ్రేషన్ లెక్కకు ప్రతి స్టెప్పూ ఉందా, షార్ట్‌కట్ రాసి జవాబుకు గీత గీశారా? బోర్డు పరీక్షలో మార్కులు స్టెప్పులకే.

– ఏ పరీక్ష కోసమో తేల్చుకోండి. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్సే, నెగెటివ్ మార్కులు లేవు, వేగం కావాలి. వరంగల్ ఎన్ఐటీలో బీటెక్ అనుకుంటే మాత్రం జేఈఈ మెయిన్ తప్పదు, అక్కడ తప్పు రాస్తే ఉన్న మార్కూ పోతుంది.

– డౌట్ అడిగితే విసుక్కునే సారు దగ్గర కష్టమైన సెక్షన్ వద్దు. ఓపికగా చెప్పే సారున్న సులువు సెక్షనే నయం, పిల్లలు టెన్షన్ లేకుండా లెక్కలు చేస్తారు.

– సెక్షన్ మార్చుకునే వీలు ఎప్పటిదాకా ఉంటుందో రాయించుకోండి.