ఒంటి నొప్పులను ఇంగ్లీషులో సరిగ్గా చెప్పడం ఎలా?

"మై లెగ్ ఈజ్ పెయినింగ్" అన్న వాక్యం మనలో చాలామంది నోట అలవాటుగా వచ్చేస్తుంది గానీ, ప్రామాణిక ఇంగ్లీషులో 'పెయిన్' అన్న క్రియకు ఎక్కువగా మనసు నొప్పించడమనే అర్థమే ఉంది. కాలు నొప్పిగా ఉంటే "మై లెగ్ హర్ట్స్" అనాలి. లేదా "ఐ హావ్ ఎ పెయిన్ ఇన్ మై లెగ్" అనవచ్చు.

'ఏక్' అన్న మాట అన్ని అవయవాలకూ అతకదు. తల, పన్ను, చెవి, కడుపు, నడుము నొప్పులకు 'హెడేక్', 'టూతేక్', 'ఇయరేక్', 'స్టమకేక్', 'బ్యాకేక్' అంటారు. మోకాలికి, ఛాతీకి మాత్రం 'నీ పెయిన్', 'చెస్ట్ పెయిన్' అనడమే వాడుక. గొంతునొప్పి 'సోర్ థ్రోట్' అవుతుంది. తలనొప్పి గురించి చెప్పేటప్పుడు "ఐ హావ్ ఎ హెడేక్" అంటూ 'ఎ'ను తప్పక చేర్చాలి.

నొప్పి ఎక్కడో చెబితే సరిపోదు, ఎలా ఉందో చెప్పినప్పుడే డాక్టరుకు ఆధారం దొరుకుతుంది. 1975లో కెనడా మనోవైజ్ఞానికుడు రొనాల్డ్ మెల్జాక్ ప్రచురించిన మెగిల్ నొప్పి ప్రశ్నావళిలో ఇందుకోసమే 78 వర్ణన పదాలను 20 వర్గాలుగా అమర్చారు. అవన్నీ నేర్చుకోనక్కరలేదు, ఎందుకంటే నొప్పుల తేడాలు చెప్పడంలో తెలుగు ఏమీ తీసిపోదు. మనకున్న మాటలకు జోడీలు తెలిస్తే చాలు. సలుపుతుంటే 'థ్రాబింగ్', పోటు పెడుతుంటే 'స్టాబింగ్', మంటగా ఉంటే 'బర్నింగ్', కడుపులో మెలిపెడుతుంటే 'క్రాంపింగ్', నడుము నుంచి కాలిలోకి జివ్వున లాగితే 'షూటింగ్' అనాలి. సన్నగా, ఎడతెగకుండా ఉండే నొప్పిని 'డల్ ఏక్' అంటారు.

నొప్పి ఎప్పటి నుంచి ఉందో చెప్పేటప్పుడు "ఐ హావ్ హాడ్" అన్న రూపం కావాలి. రాత్రి నుంచి కింది దవడ సలుపుతోందనుకోండి: "ఐ హావ్ హాడ్ ఎ థ్రాబింగ్ పెయిన్ ఇన్ మై లోవర్ జా సిన్స్ లాస్ట్ నైట్, అండ్ ఇట్ గెట్స్ వర్స్ వెన్ ఐ లై డౌన్." చోటు, తీరు, కాలం, ఎప్పుడు ఎక్కువవుతుందన్నది, నాలుగూ ఇందులో వచ్చేశాయి. తీవ్రత అడిగితే సున్నా నుంచి పది లోపు ఒక అంకె చెబితే సరి.

మాటకు మాట మార్చకూడనివి కొన్ని ఉన్నాయి. కళ్లు తిరుగుతుంటే "ఐ ఫీల్ డిజీ" అనాలే తప్ప కళ్ల ప్రస్తావన తేకూడదు. తిమ్మిరెక్కితే 'పిన్స్ అండ్ నీడిల్స్', మెడ పట్టేస్తే 'స్టిఫ్ నెక్', పిక్క పట్టేస్తే 'క్రాంప్' అంటారు. అన్నిటికన్నా జాగ్రత్తగా వాడవలసింది 'హార్ట్‌బర్న్': పేరులో గుండె ఉన్నా, అది కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల పుట్టే మంట. ఛాతీ బిగదీసినట్టో, బరువు పెట్టినట్టో ఉంటే ఆ మాట ఎత్తకుండా, "ఐ హావ్ చెస్ట్ పెయిన్" అని సూటిగా చెప్పి వెంటనే అత్యవసర సాయం కోరాలి.