ఇస్లామీ గ్రంథాలకు డిజిటల్ కేటలాగు తయారు చేయడం ఎలా?

"తాతగారి పుస్తకాలండీ, పారేయడానికి చేతులు రాలేదు" అంటూ ఎవరో నాలుగు అట్టపెట్టెలు లైబ్రరీ వరండాలో దింపి వెళ్తారు. తెరిచి చూస్తే ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ, మధ్యలో రెండు మూడు తెలుగు పుస్తకాలు. అడుగున ఒక పెన్‌డ్రైవ్, దాని నిండా పేరూ ఊరూ తెలియని పీడీఎఫ్‌లు. హైదరాబాద్, కర్నూలు, కడప, వరంగల్ లాంటి ఊళ్లలో చిన్న లైబ్రరీ నడిపేవాళ్లకు ఇది బాగా తెలిసిన దృశ్యం. ఆ పెట్టెలను పాఠకుడికి దొరికే పుస్తకాలుగా మార్చడం ఎలాగో చెప్పడానికే ఈ వ్యాసం. మీకు అరబ్బీ పాండిత్యం అక్కర్లేదు. లిపి కూడబలుక్కుని చదవగలిగితే చాలు, చదవగలిగే మనిషి పక్కన కూర్చున్నా చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసుకు పట్టించుకోవాలి. ఇస్లామీ విద్యలో 'ఏం చెప్పారు' అన్నదానికి ఎంత విలువో 'ఎవరు, ఎవరి దగ్గర విని చెప్పారు' అన్నదానికీ అంత విలువ. ఇస్లామీ పండితుడు నసఫీ (మరణం 1142) తన అఖీదా (విశ్వాస సిద్ధాంతం) గ్రంథం మొదట్లోనే మనిషికి జ్ఞానం కలిగే దారులు మూడని చెప్పారు: లోపం లేని ఇంద్రియాలు, సత్యమైన వార్త, బుద్ధి. మన తర్కం చదివినవారికి ప్రత్యక్షం, శబ్దం, అనుమానం గుర్తుకొస్తాయి. ఈ మూడింటిలో వార్త దగ్గరే పరీక్ష ఎక్కువ. ఆ పరీక్ష కోసమే ఇస్నాద్, అంటే చెప్పినవారి గొలుసు, ఒక శాస్త్రంగా ఎదిగింది. "ఇస్నాద్ ధర్మంలో భాగం. అది లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు" అన్న తొలికాలపు పండితుడు అబ్దుల్లా ఇబ్న్ ముబారక్ మాట, హదీసుల (ప్రవక్త మాటలు, చేతల గురించిన వార్తల) ప్రసిద్ధ సంకలనమైన సహీహ్ ముస్లిం పీఠికలోనే ఉంది. కేటలాగులో మనం రాసే ప్రతి వరుసా ఒక వార్తే. ఈ పుస్తకం ఫలానావారిదని, ఫలానా ఏట అచ్చయిందని మనం పాఠకుడికి చెబుతున్నాం. ఆ వార్తకూ గొలుసు ఉండాలి.

మొదటి మెట్టు: పుస్తకాన్ని రెండు చివరలా చూడండి

ఉర్దూ, ఫార్సీ, అరబ్బీ పుస్తకాలు కుడివైపు నుంచి తెరుచుకుంటాయని తెలిసినా, అలవాటు కొద్దీ ఎడమ అట్ట తెరిచి "ముఖపత్రం లేదు" అని రాసేసినవాళ్లను చూశాను. ముందు కుడి అట్ట తెరవండి. తర్వాత చివరి పేజీ కూడా తప్పకుండా చూడండి. 19వ శతాబ్దపు లితో (రాతి పలక) అచ్చు పుస్తకాల్లో, ముఖ్యంగా 1858లో లక్నోలో మొదలైన నవల్ కిషోర్ ప్రెస్ లాంటి చోట్ల వేసినవాటిలో, రాసిన కాతిబ్ పేరు, అచ్చు పూర్తయిన నెల, సంవత్సరం చాలాసార్లు ఆఖరి పేజీలోనే ఉంటాయి.

అంచులు కూడా చూడాలి. పేజీ మధ్యలో ఒక గ్రంథం, చుట్టూ హాషియాలో మరో గ్రంథం అచ్చువేయడం పాత పద్ధతి. అంచులో ఉన్నది ఒక్కోసారి వేరే రచయిత రాసిన పూర్తి పుస్తకం. దాన్ని నమోదు చేయకపోతే మీ లైబ్రరీలో ఉండి కూడా లేనట్టే.

సంవత్సరం దగ్గర తొందరపడొద్దు. అచ్చులో '1340' అని ఉంటే అది హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన శకం) కావచ్చు, ఫసలీ (నిజాం కాలపు రెవెన్యూ శకం) కావచ్చు. తెలంగాణలో పాత భూమి కాగితాలు చూసినవారికి ఫసలీ కొత్త కాదు. దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 1340 ఫసలీ అంటే 1930–31. 1340 హిజ్రీ అంటే 1921–22. తొమ్మిదేళ్ల తేడా! పుస్తకంలో ఉన్న అంకెను ఉన్నట్టే రాసి, అది ఏ శకమో తేల్చి, పక్కన చదరపు బ్రాకెట్లో క్రీస్తుశకం ఇవ్వండి. హిజ్రీ ఏడాది జనవరితో మొదలవదు కాబట్టి అది సాధారణంగా రెండు క్రీస్తుశకపు ఏళ్ల మీద పరుచుకుంటుంది. నెల తెలియకపోతే రెండేళ్లూ రాయండి.

రెండో మెట్టు: గడులు గీసుకోండి

అయిదారు వందల పుస్తకాలకు మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. తర్వాత కోహా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకోవచ్చు. యాక్సెషన్ నంబరు (పుస్తకం చేరిన వరుస సంఖ్య), మూల లిపిలో పేరు, తెలుగు లిపిలో పేరు, రచయిత, అనువాదకుడు, వ్యాఖ్యాత, పరిష్కర్త, భాష, అచ్చు స్థలం, ప్రెస్సు, సంవత్సరం, జిల్దులు (సంపుటాలు), విషయం, వర్గ సంఖ్య, ఎవరిచ్చారు. వీటికి నేను తప్పనిసరిగా చేర్చే గడి ఇంకొకటుంది: 'ఈ వివరం ఎక్కడిది?' ముఖపత్రం నుంచా, చివరి పేజీ నుంచా, వేరే లైబ్రరీ కేటలాగు నుంచా, ఇచ్చినవారు నోటితో చెప్పిందా? ఆ గడే మన ఇస్నాద్.

మూడో మెట్టు: పేర్లు

ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, పట్టనివ్వండి. తెలుగువాడి పేరులో ఇంటిపేరు ముందుంటుంది. అరబ్బీ పేరు కట్టడమే వేరు. అబూ అబ్దుల్లా ముహమ్మద్ ఇబ్న్ ఇస్మాయీల్ అల్-బుఖారీ అన్న పేరులో 'అబూ అబ్దుల్లా' కున్యా, అంటే ఫలానావారి తండ్రి అని. 'ముహమ్మద్' అసలు పేరు. 'ఇబ్న్ ఇస్మాయీల్' తండ్రి పేరు. 'అల్-బుఖారీ' నిస్బా, బుఖారా ఊరివారని. ఆయన లోకానికి తెలిసింది నిస్బాతోనే కాబట్టి కేటలాగులో 'బుఖారీ' కిందే పెట్టాలి. అందరికీ ఇదే నియమం పనికిరాదు. వైద్యుడు, తత్వవేత్త ఇబ్న్ సీనాను 'ఇబ్న్ సీనా' కిందే వెతుకుతారు. ఏ పేరుతో ప్రసిద్ధులో అదే ముఖ్యమైన పేరు, మిగతా రూపాలన్నీ దానికి దారి చూపాలి. వరుసలో పెట్టేటప్పుడు 'అల్-'ను లెక్కలోకి తీసుకోకూడదు.

సాఫ్ట్‌వేర్ 'ఇంటిపేరు, అసలు పేరు' అని రెండు గడులిస్తే జాగ్రత్త. 'అబ్దుల్ రహ్మాన్'ను 'రహ్మాన్, అబ్దుల్' అని విరిచేస్తుంది. అబ్దుల్ రహ్మాన్ అంటే కరుణామయుడి దాసుడు. రహ్మాన్ అల్లాహ్ నామం. దాసుడన్న మాట తీసి పక్కన పెడితే వరుస తప్పడమే కాదు, ఆ పేరు పెట్టుకున్నవారి విశ్వాసానికే దెబ్బ తగులుతుంది. ఇలాంటి పేర్లను ముక్క చేయకుండా ఒకే గడిలో ఉంచండి.

ఇక ఒకే పేరున్న ఇద్దరు. మొదట్లో నేను 'ఇబ్న్ హజర్' అని ఉన్న పుస్తకాలన్నీ ఒక్కరి పేరు కింద చేర్చేశాను. హదీసు పండితుడు ఇబ్న్ హజర్ అల్-అస్ఖలానీ హిజ్రీ 852లో (1449) కైరోలో మరణించారు. షాఫియీ సంప్రదాయపు ఫిఖ్హ్ (ఇస్లామీ ధర్మశాస్త్రం) పండితుడు ఇబ్న్ హజర్ అల్-హైతమీ ఆ తర్వాతి శతాబ్దంవారు, మక్కాలో మరణించారు. ఒక విద్యార్థి కావలసింది దొరకక వెనక్కి వెళ్లాకే నా తప్పు నాకు తెలిసింది. అప్పటి నుంచి ప్రతి పేరు పక్కన మరణ సంవత్సరం వేస్తున్నాను. ఒక మనిషికి ఒకే స్థిరమైన పేరు రూపం ఖాయం చేసే, లైబ్రరీ శాస్త్రం అథారిటీ కంట్రోల్ అని పిలిచే ఈ పనిని హదీసు పండితులు వెయ్యేళ్ల కిందే చేశారు. పేర్లు ఒకటే అయినా మనుషులు వేరైన రావీల (హదీసులు చెప్పినవారి) మీద ఖతీబ్ బగ్దాదీ (మరణం 1071) ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. రాతలో ఒకేలా కనిపించి పలుకుబడిలో వేరయ్యే పేర్ల మీదా గ్రంథాలు పుట్టాయి. మనిషి ఎవరో తేలకపోతే వార్త తేలదు కదా.

ఈ విద్యకు హైదరాబాద్ చేసిన సేవ చాలా పెద్దది. 1888లో ఇక్కడ మొదలైన ప్రచురణ సంస్థ దాయిరతుల్ మఆరిఫ్, హదీసు రావీల వివరాలున్న అస్ఖలానీ గ్రంథం 'తహ్జీబుత్ తహ్జీబ్'ను హిజ్రీ 1325–27లో (1907–09) పన్నెండు జిల్దుల్లో అచ్చువేసింది. అరబ్ దేశాల్లో దాన్ని ఫొటో తీసి మళ్లీ వేసుకున్నారు. మీ పెట్టెల్లో దాయిరా అచ్చు కనిపిస్తే దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టండి.

నాలుగో మెట్టు: ఖుర్ఆన్, దాని అనువాదాలు

ఖుర్ఆన్‌కు రచయిత గడి ఖాళీగా వదలాలి. ముస్లింల విశ్వాసంలో అది దైవవాణి. దైవప్రవక్త ముహమ్మద్ (స) దాన్ని అందించినవారే గానీ రచయిత కారు. లైబ్రరీ నియమాలు కూడా పవిత్ర గ్రంథాలను పేరు కిందే నమోదు చేయమంటాయి. కాబట్టి ఇక్కడ పేచీ లేదు.

పేచీ అనువాదం దగ్గర వస్తుంది. ఆధునిక కేటలాగు నియమాల ప్రకారం రచన ఒకటి, దాని రూపాలు అనేకం. అనువాదం కూడా అదే రచనకు మరో రూపం. ఇస్లామీ పండితులేమో అరబ్బీ మూలం మాత్రమే ఖుర్ఆన్, అనువాదం దాని భావం మాత్రమే అంటారు. హైదరాబాద్‌లో నిజాం కొలువులో పనిచేసిన మార్మడ్యూక్ పిక్తాల్ 1930లో వెలువరించిన తన ఇంగ్లిష్ అనువాదం పేరులోనే 'భావం' అన్న మాట పెట్టింది ఇందుకే. మీరు ఏ పక్షం తీర్పూ చెప్పనక్కర్లేదు. మూలంతో కలిపే సమాన శీర్షికగా (అన్ని రూపాలకూ ఉమ్మడి పేరుగా) 'ఖుర్ఆన్' ఉంచండి, ముఖపత్రం మీద 'భావానువాదం' అని ఉంటే అదే మాట ఎత్తి రాయండి, అనువాదకుడి పేరుకు విడిగా గడి ఇవ్వండి. తెలుగులోకి ఖుర్ఆన్ తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారి కోసం వెతికే పాఠకుడికి ఆయన పేరుతోనే పుస్తకం దొరకాలి.

అయిదో మెట్టు: వర్గ సంఖ్య

పుస్తకాలను విషయం వారీగా అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో 220 నుంచి 280 దాకా క్రైస్తవానికే వెళ్లాయి, మిగతా మతాలన్నీ 290లో సర్దుకోవాలి. ఇస్లాంకు 297. ఖుర్ఆన్, హదీసు 297.12 కింద, అఖీదా 297.2, సూఫీ మార్గం 297.4. ఫిఖ్హ్‌ను మాత్రం న్యాయశాస్త్రంలోకి, 340.59కి పంపుతారు. అయితే హిదాయా లాంటి ఫిఖ్హ్ గ్రంథం వుజూ (నమాజుకు ముందు శుద్ధి), నమాజుతో మొదలై పెళ్లి, వ్యాపారం దాకా నడుస్తుంది. దాన్ని మతం అల్మారాకు దూరంగా పెడితే చదివేవారికి తిప్పలే. చిన్న లైబ్రరీలో ఫిఖ్హ్‌ను 297 పక్కనే ఉంచమంటాను నేను. ఆ నిర్ణయాన్ని కాగితం మీద రాసి పెట్టండి.

ఆరో మెట్టు: విషయ శీర్షికలు

బుఖారీ కూర్చిన హదీసు సంకలనం సహీహ్ బుఖారీలో మొదటి హదీసు "కర్మలు సంకల్పాలను బట్టే" అన్నది. ప్రవక్త సహచరుడు ఉమర్ (రజి) నుంచి అల్ఖమా, ఆయన నుంచి ముహమ్మద్ ఇబ్న్ ఇబ్రాహీం, ఆయన నుంచి యహ్యా ఇబ్న్ సయీద్, ఆయన నుంచి సుఫ్యాన్, ఆయన నుంచి హుమైదీ, చివరికి బుఖారీ. ఈ ఒక్క మాటను బుఖారీ తన గ్రంథంలో ఏడు చోట్ల పెట్టారు: దైవవాణి మొదలు, విశ్వాసం, బానిస విముక్తి, అన్సారుల (మదీనాలో ప్రవక్తకు తోడ్పడినవారి) విశిష్టత దగ్గర హిజ్రత్ (మదీనాకు వలస) ప్రస్తావన, నికాహ్, ప్రమాణాలు, చట్టాన్ని దాటే ఉపాయాలు. వెతికేవాడు ఏ తలుపు తట్టినా ఆ హదీసు ఎదురవ్వాలన్నట్టు! ఒకే పుస్తకానికి మూడు నాలుగు విషయ శీర్షికలు ఇవ్వడంలో మనం చేసేది కూడా ఈ పనే. జకాత్ (విధిగా ఇచ్చే దానం) మీద హనఫీ సంప్రదాయపు ఫత్వాల (పండితుల ధార్మిక తీర్పుల) పుస్తకం వచ్చిందనుకోండి, 'జకాత్', 'ఫత్వాలు', 'హనఫీ ఫిఖ్హ్' మూడూ ఇవ్వండి.

మీరు హదీసులను విడివిడిగా సూచి చేస్తుంటే, 'బుఖారీ 6953' అని ఒట్టి అంకె రాసి ఊరుకోవద్దు. ఎడిషన్‌ను బట్టి సంఖ్యలు మారతాయి. పై ఏడు చోట్లలో చివరిదానికి నేను వాడే ఈ 6953 ఫువాద్ అబ్దుల్ బాఖీ వేసిన సంఖ్య. ఎవరి లెక్కో చెప్పి, అధ్యాయం పేరు కూడా ఇవ్వండి. సహీహ్ (గట్టిది), హసన్ (మంచిది), జయీఫ్ (బలహీనం) అన్న తీర్పులను మీ సొంత మాటగా రాయొద్దు. ఒకరు జయీఫ్ అన్నదాన్ని మరొకరు హసన్ అనడం ఉంది. 'ఫలానా పండితుడు, ఫలానా గ్రంథం, ఫలానా పేజీ, జయీఫ్' అని రాస్తే పాఠకుడు పండితులను అడిగి తేల్చుకుంటాడు. వాట్సాప్‌లో తిరిగే హదీసుల్లో ఎన్నో గ్రంథం పేరు కూడా లేకుండా వస్తాయి, దాంతో అడగడానికి దారే ఉండదు.

ఏడో మెట్టు: లిపి, వెతుకులాట

అరబ్బీ కీబోర్డులోని యే, ఉర్దూ కీబోర్డులోని యే పదం మధ్యలో ఒకేలా కనిపిస్తాయి. కాఫ్ కూడా అంతే. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు అక్షరాలు. ఒకరు ఒకదానితో ఎక్కించి, ఇంకొకరు రెండోదానితో వెతికితే పుస్తకం లేదనే జవాబొస్తుంది. ఉర్దూ పుస్తకాలకు ఉర్దూ కీబోర్డు, అరబ్బీ పుస్తకాలకు అరబ్బీ కీబోర్డు అని నియమం పెట్టుకుని, వెతికేటప్పుడు రెండూ ఒకటిగా లెక్కపెట్టేలా సాఫ్ట్‌వేర్ తెలిసినవారితో సరిచేయించండి.

తెలుగు లిపిలోనూ ఇదే చిక్కు. ఖుర్ఆన్, ఖురాన్, కురాన్, కొరాన్, నాలుగూ వాడుకలో ఉన్నాయి. అరబ్బీలో మూడు వేర్వేరు అక్షరాలు తెలుగులో ఒక్క 'స'గా మారిపోతాయి కాబట్టి తెలుగు రూపం నుంచి మూలానికి తిరిగి వెళ్లలేం. అందుకే మూల లిపి గడిని ఎప్పుడూ వదలొద్దు. లైబ్రరీ కంప్యూటర్లు కేటలాగు వివరాలు దాచే ప్రామాణిక నమూనా అయిన మార్క్ 21లో దీనికోసం 880 ఫీల్డు (గడి) ఉంది. తెలుగు రూపాల్లో ఒకటి ఎంచుకుని, మిగతావి 'ఇతర రూపాలు' గడిలో వేయండి.

ఎనిమిదో మెట్టు: పెన్‌డ్రైవ్ తెరవడం

ప్రతి పీడీఎఫ్‌కూ అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది ఏ అచ్చు ప్రతికి స్కాన్? ముఖపత్రం స్కాన్ చేయకుండా వదిలేసిన ఫైళ్లు చాలా ఉంటాయి. అప్పుడు పీఠిక, చివరి పేజీ చదివి, పేజీల సంఖ్యను వేరే కేటలాగులతో పోల్చాలి. తేలకపోతే 'ప్రతి తెలియదు' అని రాయాలి, ఊహించి రాయకూడదు. అక్షరాలుగా టైపు చేసిన పాఠాలైతే ఇంకా జాగ్రత్త అవసరం. అల్-మక్తబా అష్-షామిలా అనే ఉచిత అరబ్బీ డిజిటల్ గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ ఒక కార్డు ఉంటుంది. పేజీ సంఖ్యలు అచ్చు ప్రతికి సరిపోతాయా అన్నది చాలా కార్డుల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని మీ కేటలాగులోకి ఎత్తి రాసుకోండి.

బగ్దాద్‌లో 987లో 'ఫిహ్రిస్త్' అనే పుస్తకాల జాబితా కూర్చిన ఇబ్న్ నదీం పుస్తకాల వ్యాపారి. కవుల దీవాన్లకు (కవితా సంపుటాలకు) ఎన్ని ఆకులో చెప్పేటప్పుడు, తాను ఆకు అంటున్నది సులైమానీ ఆకునని, దానికి ఒక్కో వైపు ఇరవై పంక్తులని ముందే వివరించారు. ఫైలుకు '412 పేజీలు' అని రాసే ముందు అవి అచ్చు పేజీలా, స్కాన్ చేసిన బొమ్మలా అన్నది మీరూ చెప్పండి. రెండేసి పేజీలను ఒకే బొమ్మగా తీసిన స్కాన్‌లో ఆ లెక్క సగానికి పడిపోతుంది.

అంతా ఎక్కించాక షీటు చివర మరో మూడు గడులు చేర్చండి: ఎక్కించిందెవరు, ఏ తేదీన, తర్వాత దిద్దిందెవరు. పాత వివరాన్ని చెరిపేయకుండా పక్కన తేదీతో ఉంచండి. నా షీటులో ఇబ్న్ హజర్ వరుస పక్కన నా పేరూ ఉంది, దిద్దిన తేదీ కూడా ఉంది.