పెరట్లో బండలు పరిచే ముందు జాగ్రత్తలు

వైజాగ్‌లో అక్టోబర్, నవంబర్ తుఫాన్ల నెలలు. వీలైతే ఈ పని జనవరి తర్వాత పెట్టుకోండి.

- అంగుళం మందం కడప బండలు 100 చదరపు అడుగులకు దాదాపు 600 కిలోలు తూగుతాయి. కంకర, క్రషర్ డస్ట్ (రాతి పొడి) వేరే ట్రిప్పులో తెప్పించండి. పికప్‌లో బండలను అంచు మీద నిలబెట్టి, మధ్యలో గోనెసంచులు పెట్టి తాడు బిగించాలి. మన ఎత్తుపల్లాల రోడ్ల మీద వదులుగా ఉన్న బండ మనిషి కాలు విరిచేయగలదు. చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టాకే దించండి.

- తవ్వే ముందు నీళ్ల పైపు, కరెంటు ఎర్త్ ఎక్కడున్నాయో చూసుకోండి.

- ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి 4 అడుగులకు అంగుళం వాలు ఉండాలి. మేస్త్రీ కంటితో చూసి చాలంటే ఒప్పుకోవద్దు, నీళ్లు నింపిన లెవెల్ పైపు పెట్టించండి.

- బండలు కోసేవాళ్లకు మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులను పాడుచేస్తుంది.